మంట, దురద ఉండగా జుట్టు నాటించుకోవచ్చా?

ప్రశ్న: నడినెత్తిన రూపాయి బిళ్లంత జుట్టు ఊడి చర్మం నున్నగా అయింది, చుట్టూ మంట, దురద. ఒక క్లినిక్‌లో వెంటనే ట్రాన్స్‌ప్లాంట్ చేస్తామంటున్నారు. చేయించుకోనా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆగండమ్మా. ఇది కుదుళ్లు చచ్చి మచ్చ కట్టే రకం, లైకెన్ ప్లానోపిలారిస్ లాంటిది, కావచ్చు. ముందు చర్మవ్యాధుల డాక్టరుతో బయాప్సీ చేయించండి, 4 మిల్లీమీటర్ల ముక్క చాలు, అదీ నున్నబడిన చోట కాదు, ఇంకా వెంట్రుకలుండి ఎర్రగా ఉన్న అంచు నుంచి తీయాలి. జబ్బు రగులుతుండగా నాటితే కొత్త కుదుళ్లూ పోతాయి, ఉప్పునీరెక్కిన చేలో నారు వేసినట్టే. మందులతో అదుపులోకొచ్చి ఏడాది, రెండేళ్లు కదలకుండా ఉన్నాకే ఆపరేషన్ మాట, అప్పుడైనా ముందు కొద్దిచోట నాటి చూడటం మేలు. పోయిన కుదుళ్లు ఏ నూనెకీ తిరిగి రావు, మందులు మిగిలినవాటిని కాపాడటానికే. అడ్వాన్సు కట్టేసి ఉంటే మొహమాటపడకుండా వెనక్కి అడగండి.