గేరు పడకపోతే తప్పు గేర్‌బాక్స్‌దేనా?

వాహన సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: రెండేళ్ల క్రితం ఒక సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొన్నాను. కొంతకాలంగా మొదటి గేరు, రివర్సు సరిగా పడడం లేదు. ఉదయం బండి తీసినప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు కానీ, తిరుమల కొండ ఎక్కి పార్కింగ్‌లో పెట్టే సమయానికి గేరు లివర్ మొండికేస్తుంది, రివర్సు వేస్తే గరగరమని శబ్దం వస్తుంది. తిరుపతిలో ఒక షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్స్ దించి విప్పాలని, ఏయే సామాను మార్చాలో విప్పిన తరువాతే చెప్పగలమని అన్నారు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు లోపం ఎక్కడుందో తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

సమాధానం: తప్పకుండా ఉంది. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే గేర్‌బాక్స్ కంటే ముందు క్లచ్‌ను అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు పడే గేరు వేడెక్కాక పడకపోవడం, అదీ బండి నిలిచి ఉండగా వేసే మొదటి గేరులోనూ రివర్సులోనూ కనబడడం, పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ పూర్తిగా విడవడం లేదనడానికి, అంటే ఇంజన్‌ను గేర్‌బాక్స్ నుంచి పూర్తిగా విడదీయడం లేదనడానికి గుర్తులు. గేరు ఆయిల్ చిక్కగా ఉండడం వల్ల వచ్చే ఇబ్బంది ఇందుకు భిన్నంగా ఉంటుంది: ఉదయం లివర్ బిగుసుకుపోయి, కొన్ని కిలోమీటర్లు నడిచాక సర్దుకుంటుంది.

అయితే అనుమానంతోనే ఆగిపోకూడదు. సమతలంగా ఉన్న చోట బండిని ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లనూ ఒకదాని తరువాత ఒకటి వేసి చూడండి. లోపల పళ్లు ఎదురెదురుగా నిలిచిపోతే ఒక్కోసారి గేరు పడకపోవచ్చు; అప్పుడు బండిని కొద్దిగా కదిలించి మళ్లీ ప్రయత్నించాలి. తరువాత ఇంజన్ నడుస్తుండగా ఇదే పరీక్ష చేయండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అన్ని గేర్లూ సులువుగా పడి, నడుస్తున్నప్పుడు మాత్రమే మొండికేస్తే లోపం క్లచ్ వైపు ఉందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. రెండు సందర్భాల్లోనూ గట్టిగానే ఉంటే లివర్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుళ్లు, లింకేజీ, వాటి చివర ఉండే ప్లాస్టిక్ బుష్‌లు చూడాలి. అవి బాగుంటేనే గేర్‌బాక్స్ లోపలి భాగాల వంతు వస్తుంది. ఒకే ఒక్క గేరు, ముఖ్యంగా రెండోది, నడుస్తున్న బండిలో గరగరమంటూ మిగిలినవన్నీ సాఫీగా పడితే ఆ గేరుకు చెందిన సింక్రో రింగు అరిగిందని అనుకోవచ్చు.

సింక్రో రింగు పని ఏమిటో తెలిస్తే ఈ పరీక్షల వెనుక ఉన్న కారణం కూడా అర్థమవుతుంది. కదులుతున్న బస్సు ఎక్కేవాడు దానితోపాటు కొన్ని అడుగులు పరుగెత్తి ఎక్కినట్టు, గేరు పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చునే ముందు ఈ రింగు రెండింటి వేగాలనూ సమం చేస్తుంది. క్లచ్ పూర్తిగా విడిచినప్పుడు ఈ పని తేలిక. క్లచ్ ఏ కొంచెం అంటుకుని ఉన్నా ఇంజన్ గేర్‌బాక్స్ లోపలి షాఫ్టును తిప్పుతూనే ఉంటుంది కనుక, సాధారణంగా ఇత్తడితో చేసే ఆ చిన్న రింగు ఇంజన్‌తోనే పోరాడవలసి వస్తుంది. అందువల్ల, ఈ లోపాన్ని పట్టించుకోకుండా బలవంతంగా గేర్లు వేస్తూ పోతే ఇప్పుడు క్లచ్‌కే పరిమితమైన సమస్య కొంతకాలానికి నిజంగానే గేర్‌బాక్స్‌కు పాకుతుంది. షెడ్డు వారి మాటకు తొందరపడవద్దని చెబుతూనే, ఈ మరమ్మతును వాయిదా వేయవద్దని కూడా అంతే గట్టిగా చెబుతున్నాను.

రివర్సు శబ్దాన్ని విడిగా పరీక్షించాలి. చాలా కార్లలో రివర్సు గేరుకు సింక్రో రింగు ఉండదు. క్లచ్ తొక్కిన వెంటనే వేస్తే మంచి బండి కూడా గరగరమంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు క్షణాలు ఆగి, లేదా మొదట, బండిని ముందుకు నడిపే ఏదో ఒక గేరు వేసి తీసి, ఆ తరువాత రివర్సు వేయండి. అప్పటికీ శబ్దం వస్తే లోపలి షాఫ్టు ఇంకా తిరుగుతోందని, అంటే క్లచ్ విడవడం లేదని తేలుతుంది. దీన్ని రూఢి చేసుకోవడానికి, ముందూ వెనుకా ఎవరూ లేని ఖాళీ స్థలంలో క్లచ్ పూర్తిగా తొక్కి మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ విడిచి, రెండో కాలును బ్రేక్ మీదకు తేవడానికి సిద్ధంగా ఉండి, ఆక్సిలరేటర్ కొద్దిగా ఇవ్వండి. బండి ముందుకు పాకితే ఇక సందేహించనవసరం లేదు. ఈ పరీక్షలను చల్లని బండిపై ఒకసారి, కొండ దిగి వచ్చిన తరువాత ఒకసారి చేయాలి, ఎందుకంటే మీ బండిలో లోపం వేడి మీదే బయటపడుతోంది.

క్లచ్ ఎందుకు విడవడం లేదో వెతికేటప్పుడు ఖర్చు లేనివాటితో మొదలుపెట్టాలి. పెడల్ కింద మందపాటి మ్యాట్ పేరుకుని పెడల్‌ను చివరిదాకా పోనివ్వడం లేదేమో చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దాన్ని చూడకుండానే పనులు మొదలుపెట్టడం సరికాదు. కేబుల్‌తో పనిచేసే క్లచ్ అయితే కేబుల్ సాగి ఉండవచ్చు, దాన్ని సరిచేస్తే చాలు. పోగులు తెగుతున్న కేబుల్‌ను మాత్రం మార్చాలి. ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా కొట్టి గేరు వేయండి. అలా కొట్టిన తరువాత గేరు పడుతుంటే పైపులో గాలి చేరడమో, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ లేదా క్లచ్ దగ్గరి స్లేవ్ సిలిండర్ సీలు పాడవడమో, ఫ్లూయిడ్ తగ్గడమో కారణం. ఈ ఫ్లూయిడ్ బ్రేకుల్లో వాడేదే, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చని ఫ్లూయిడ్ బాగా వేడెక్కితే అందులోని తేమ ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. మీ బండిలో దీన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో పాత యజమాని చెప్పలేకపోతే, ఫ్లూయిడ్ మార్చి గాలి తీయించడమే మొదట చేయించవలసిన పని. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉంటుంది కనుక అందులో మట్టం తగ్గుతుంటే అది క్లచ్‌కే కాక బ్రేకుకు కూడా సంబంధించిన హెచ్చరిక. ఘాట్ రోడ్డు మీద తిరిగేవారు దాన్ని ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు. కొన్ని బండ్లలో స్లేవ్ సిలిండర్ క్లచ్ గూటి లోపలే ఉంటుంది. లీకు బయటికి కనిపించకపోయినా, ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున తడి కనబడుతుంది.

పెడల్‌ను కొట్టినా మార్పు లేదంటే క్లచ్ ప్లేటు వేడికి వంగి ఉండవచ్చు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు వేళ్లు అరిగి ఉండవచ్చు. అప్పుడు గేర్‌బాక్స్ దించక తప్పదు. కానీ దించడం వేరు, దాన్ని విప్పి లోపలి సామాను మార్చడం వేరు. క్లచ్ సెట్టు మార్చడానికి దించితే చాలు, గేర్‌బాక్స్‌ను తెరవనవసరం లేదు. ఆ సందర్భంలో, పెడల్ తొక్కినప్పుడు ఆ వేళ్లను నొక్కే రిలీజ్ బేరింగ్ కూడా మార్పించండి, మళ్లీ దానికోసమే కూలి ఇవ్వడం వృథా.

ప్లేటు వంగడానికి మన కొండ దారిలో డ్రైవింగ్ అలవాట్లు చాలావరకు కారణం. తిరుమలకు 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీదుగా ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగుతాము. ఎక్కేటప్పుడు ముందున్న బస్సు నెమ్మదించినప్పుడల్లా కొందరు బండిని బ్రేకుతో కాకుండా సగం క్లచ్ మీద నిలబెడతారు. ఆ కొద్దిసేపట్లోనే ప్లేటు కాలిన వాసన వస్తుంది. బండి ఆగితే బ్రేకుతో ఆపాలి, కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేక్ సాయం తీసుకోవాలి. అలిపిరి తనిఖీ వరుసలో మొదటి గేరు వేసి క్లచ్ తొక్కి ఉంచడం కూడా రిలీజ్ బేరింగ్‌కు చేటు. అక్కడ న్యూట్రల్‌లో ఉండడమే మేలు.

ప్రశ్న: పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగేటప్పుడు మా కారులో మూడో గేరు తనంతట తానే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. లివర్‌ను చేత్తో పట్టుకుని దిగుతున్నాను. ఇది ప్రమాదమా?
— ఒక పాఠకురాలు, పలమనేరు

సమాధానం: అవునమ్మా, ప్రమాదమే. దిగుడులో బండి వేగాన్ని సగం ఇంజనే పట్టి ఉంచుతుంది. గేరు జారితే భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తప్పవచ్చు. చేత్తో పట్టుకోవడం వల్ల గేరును జరిపే లోపలి ఫోర్కు త్వరగా అరుగుతుంది తప్ప గేరు నిలవదు. బండి నడుస్తుండగా ఆక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడు గేరు లివర్ ముందుకూ వెనక్కూ బాగా ఊగుతోందేమో మీ పక్కన కూర్చున్నవారిని గమనించమనండి. ఊగుతుంటే ఇంజన్ మౌంటు అరిగి ఉండవచ్చు, అది మార్చడం సులభం. ఊగకపోతే గేరును పట్టి ఉంచే పళ్ల అంచులు గుండ్రంగా అరగడమో, స్ప్రింగు బలహీనపడడమో కారణం. అలాగైతే, మొదటి ప్రశ్నలోలా కాక, మీ విషయంలో గేర్‌బాక్స్ విప్పించడం న్యాయమైన సలహాయే. మరమ్మతు అయ్యేవరకు ఆ బండితో ఘాట్ దిగవద్దు.

ప్రశ్న: గేరు సాఫీగా పడాలంటే ఖరీదైన చిక్కని ఆయిల్ పోయించాలని అంటున్నారు. నిజమేనా?
— ఒక టాక్సీ డ్రైవరు, చిత్తూరు

సమాధానం: కాదు. చిక్కదనంలోనూ రకంలోనూ బండి పుస్తకంలో రాసినదే పోయించాలి. జీఎల్-4, జీఎల్-5 అనేవి గేరు ఆయిల్ రకాలు. జీఎల్-4 అడిగిన గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే, అధిక ఒత్తిడికి తట్టుకునేందుకు అందులో ఎక్కువగా కలిపే గంధకపు మిశ్రమాలు కొన్ని సందర్భాల్లో ఇత్తడి సింక్రో రింగులను తినివేస్తాయి, పైగా రింగుకు కావలసిన పట్టు తగ్గి గేరు మరింత గట్టిగా పడవచ్చు. పాత ఆయిల్ దించినప్పుడు అడుగున ఉండే అయస్కాంతపు బిళ్లను చూడండి. బూడిద రంగు పేస్టు పలుచగా ఉండడం సహజమే. ఉక్కు పలుకులు కనబడినా, అయస్కాంతానికి అంటని పసుపు రంగు తళుకులు ఆయిల్‌లో తేలినా, కొత్త ఆయిల్ పోయించే ముందే మెకానిక్‌కు చూపించండి.