కాఫీ మెషిన్‌లో బోరు నీళ్లా?

ప్రశ్న: మాది మధురవాడ. అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకు ఎస్ప్రెసో మెషిన్ బాయిలర్‌లో తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. సాఫ్ట్‌నర్ పెట్టిస్తే చాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చాలదండీ. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసి సోడియం వదులుతుంది కాబట్టి ఆ తెల్లపొర ఆగుతుంది. క్లోరైడ్ మాత్రం పోదు. సముద్రతీరపు బోర్లలో అసలు భయం దానితోనే, స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా చిల్లులు పెడుతుంది. ఆర్వో నీళ్లే వాడండి, కానీ ఉత్తవి వద్దు. అవి లోహాన్ని తింటాయి. పైగా లవణాలు మరీ తగ్గితే కొన్ని మెషిన్లలో నీటిమట్టం చూసే ప్రోబ్‌కు నీళ్లున్నట్టే తెలియదు, బాయిలర్ నిండినా పంపు ఆగదు.

లీటరు ఆర్వో నీటిలో 8.4 గ్రాముల వంటసోడా కరిగించి సీసాలో ఉంచుకోండి. ట్యాంకులో పోసే ప్రతి లీటరు ఆర్వో నీటికీ అందులోంచి 10 మిల్లీలీటర్లు కలపండి. బేకింగ్ పౌడర్ పనికిరాదు, అది వేరు. ఇప్పటికే పట్టిన పొరను ముందు తీయించండి.