ఎ, బి మధ్య 0.03 వోల్టులే!

ప్రశ్న: సార్, మాది గాజువాక. ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ పనులు చేస్తుంటాను. ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఏడు టెంపరేచర్ మీటర్లు ఒకే ఆర్ఎస్-485 లైన్ (ఎ, బి అనే రెండు వైర్ల మీద సమాచారం పంపే పద్ధతి) మీద కంప్యూటర్‌కి కలిపి ఉన్నాయి. చివరి రెండూ ఉన్నట్టుండి మాయమైపోతాయి, కాసేపటికి మళ్లీ వస్తాయి. మల్టీమీటర్‌తో చూస్తే ఎర్త్‌కి ఎ రెండు వోల్టుల పైన, బి కూడా దాదాపు అంతే. ఆ రెండింటి మధ్య 0.03. సిగ్నల్ లేనట్టేనా?

జవాబు: సిగ్నల్ లేకపోతే మిగతా ఐదూ ఎలా పలుకుతున్నాయండీ? ఈ లైన్‌లో సమాచారమంతా ఎ, బి మధ్య తేడాలోనే ఉంటుంది, కాబట్టి ఎర్త్‌ని వదిలేసి రెండు ప్రోబులూ నేరుగా ఆ రెండు వైర్ల మీదే పెట్టండి. మల్టీమీటర్ బ్యాటరీతో నడిచేది, భయం లేదు. స్కోప్‌తో (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరం) మాత్రం అలా చేయకండి, దాని క్లిప్పు ఎర్త్‌కి కలిసి ఉంటుంది.

9600 స్పీడులో (సెకనుకి 9600 బిట్లు) ఒక్కో బిట్ సెకనులో సుమారు పదివేలో వంతు. మల్టీమీటర్ అంత వేగాన్ని పట్టుకోలేక సగటు చూపిస్తుంది. అందుకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఆపి, టెంపరేచర్ మీటర్లకి కరెంట్ ఉంచి చూడండి. అప్పుడు కనీసం 0.2 వోల్టులు ఉండాలి. మైనస్ గుర్తు వస్తే కంగారొద్దు, ఎ, బి పేర్లు ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది (ఈ గోల ఎప్పటికి తీరుతుందో). అప్పుడు కూడా 0.03 వస్తే బయాస్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఎ, బి మధ్య చిన్న తేడా నిలిపి ఉంచే ఏర్పాటు) లేనట్టు, కంప్యూటర్‌ని లైన్‌కి కలిపే చాలా కన్వర్టర్లలో దానికి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఆ ఒక్కచోటే వేయండి.

నాకు అసలు అనుమానం వైరింగ్ మీద. అన్నిటికీ పవర్ తీసేసి ఎ, బి మధ్య ఓమ్స్ చూడండి. సిగ్నల్ చివర తగిలి వెనక్కి రాకుండా లైన్ రెండు చివర్లా పెట్టే 120 ఓమ్స్ రెసిస్టర్లుంటే 60కి కాస్త అటూ ఇటూగా రావాలి. 40 దగ్గరకొస్తే ఎవరో మూడోది పెట్టారు. 120 వస్తే ఒకటి లేదు, లేదా మధ్యలో వైరు తెగింది. తెగితే రెండు చివర్ల నుంచీ 120 వస్తుంది, కాబట్టి రెసిస్టర్లు రెండూ ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోండి. రీడింగ్ చూస్తూనే ఐదో మీటరుకీ ఆరోదానికీ మధ్య వైర్ని మెల్లగా కదపండి. అంకె గెంతితే అక్కడే దొరికింది. మన సముద్రగాలికి టెర్మినల్ స్క్రూల కింద పచ్చటి చిలుము పడుతుంది, పైకి బిగువుగానే కనిపిస్తుంది. విప్పి, వైరు చివర కోసి, కొత్త లగ్ వేసి బిగించండి. అప్పటికీ పోకపోతే ఆ వోల్టులూ ఓమ్సూ రెండు చివర్లా తీసి రాయండి.