బెడ్‌ఫర్డ్ స్క్వేర్ గీయబోయే ముందు

చిరంజీవి హారికకు,

పెదనాన్న ఆశీస్సులు. లండన్‌లో మొదటి పనిగా బెడ్‌ఫర్డ్ స్క్వేర్ ఇళ్ల ముఖభాగం కొలిచి గీయమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. నా ఉద్యోగమంతా ఆ దేశపు పాత ఇటుక గోడల మరమ్మతుల్లోనే గడిచింది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

వెళ్లగానే పెన్సిల్ తీయకు. ఆ స్క్వేర్ అంటే మధ్యలో తోట, నాలుగు వైపులా ఇళ్ల వరసలు. ముందు తోట ఇవతలి నుంచి ఒక వైపు వరస మొత్తాన్ని చూడు. 1775-1783 మధ్య కట్టినవి అవి. ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లే అయినా, వరసంతా కలిసి ఒకే పెద్ద భవంతిలా కనబడాలని కట్టారు. మధ్యలో గచ్చు పూత, గోడకు అంటిన స్తంభాలు, పైన త్రికోణం. మిగతాదంతా ఇటుకే. అందుకే ఒక్క ఇంటిని విడదీసి గీస్తే సగం విషయం పోతుంది. ఉత్తరం, దక్షిణం వైపుల్లో ఆ త్రికోణం కింద రెండిళ్లున్నాయి. దాంతో సరిగ్గా నడిమధ్యకు ఒక స్తంభం వచ్చి పడింది. సంప్రదాయం ప్రకారం అక్కడ ఖాళీ ఉండాలి కనుక పండితులు తప్పు పట్టారు. నాకు మాత్రం ఆ స్తంభమంటే ఇష్టం. రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ ఉందని నిజం చెబుతుంది.

కిటికీల్లో మొదటి అంతస్తువే పొడుగు, ఎందుకంటే అతిథుల గది అక్కడ. పైకి వెళ్లేకొద్దీ చిన్నవవుతాయి, పిట్టగోడ వెనక కప్పు దాక్కుంటుంది. చట్రాలు గోడ అంచుకు కాక లోపలికి ఉంటాయి. మంటలు పాకకుండా చట్టం పెట్టిన నియమమది. 1774 నాటి లండన్ కట్టడాల చట్టం చట్రాన్ని ఇటుక వెనక్కే నెట్టింది. ఆ లోతు తప్పకుండా కొలుచుకో, నీడలన్నీ అక్కడివే.

గుమ్మం దగ్గర మాత్రం తొందరపడకు. చుట్టూ పురుగు తొలిచినట్టున్న దిమ్మెలు, పైన నడిమి దిమ్మె మీద మనిషి ముఖం కనిపిస్తాయి. అది రాయి కాదు, మట్టి మిశ్రమాన్ని అచ్చులో నొక్కి కాల్చినది. లండన్‌లోని లాంబెత్‌లో ఎలినార్ కోడ్ అనే ఆవిడ నడిపిన కార్ఖానా సరుకు. ఆ రోజుల్లో ఒక మహిళ ఆ వ్యాపారాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టిందంటే నాకిప్పటికీ గౌరవమే. ఇన్నేళ్ల లండన్ పొగనూ వానలనూ తట్టుకున్నా ఆ ముఖాల గడ్డం పాయలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడు.

ఇక ఇటుక. ఒకే వరసలో ఒక ఇటుక పొడుగు వైపు, పక్కది తలవైపు, అంటే చిన్న వైపు, బయటికి కనిపించేలా వస్తే ఆ పేర్పును ఫ్లెమిష్ బాండ్ అంటారు. ఆ కాలపు కట్టుబడిదారులు ఖరీదైన ఇటుక మిగుల్చుకోవడానికి తలవైపు ఇటుకను సగానికి విరిచి పెట్టడం మామూలే. అప్పుడు ముందు పొరకూ వెనక గోడకూ పట్టు ఉండదు, ఏళ్లు గడిచాక ముందు పొర ఉబ్బుతుంది. గోడ పక్కన నిలబడి ఒక కన్ను మూసి చూస్తే ఆ ఉబ్బు తెలిసిపోతుంది. దర్జులు, అంటే ఇటుకల మధ్య అతుకులు, కూడా చూడు. అసలువి సున్నంవి, తేమను బయటికి పోనిస్తాయి. ఎవరైనా తర్వాత సిమెంట్ నింపి ఉంటే తేమ ఇటుకలోంచే పోవాలి, అక్కడ ఇటుక ముఖం పొరలుగా రాలుతుంది. కనిపిస్తే బొమ్మలో గుర్తు పెట్టు. గోటితో గీకి చూడకు, అవి గ్రేడ్ 1 రక్షణ ఉన్న ఇళ్లు, చారిత్రక కట్టడాలకు అక్కడిచ్చే అత్యున్నత స్థాయి అది.

ఎత్తు కొలవడానికి నిచ్చెన అక్కర్లేదు. కింద పది ఇటుక వరసల ఎత్తు టేపుతో తీసుకుని, పైదాకా వరసలు లెక్కపెట్టి హెచ్చవేయి. ఉత్తరం వైపు ఇళ్ల మీద మధ్యాహ్నం ఎండ పడుతుంది కాబట్టి అక్కడే మొదలుపెట్టు. వరసల లెక్క బొమ్మ అంచున రాసి స్కాన్ పంపు, చూసి చెబుతాను.

ప్రేమతో,
పెదనాన్న