‘కాలేదు’ అన్న మాట తెగిపోకూడదు

తమ్ముడూ,

నువ్వు పంపిన జాబితా చూశాను. బ్యాకప్ యాప్‌కి 14 నోటిఫికేషన్లు రాశావు, మాటలు శుభ్రంగా ఉన్నాయి. కానీ వాటిలో అసలు ఎన్ని తెర మీదికి రావాలో ముందు తేల్చుకోవాలి.

కొత్తలో నేనూ ఇలాంటి యాప్‌కే రాశాను. ఒక్కో ఫోల్డరు కాపీ అవగానే కుడి మూలన ‘పూర్తయింది’ అని చూపించేవాళ్లం. పని జరుగుతోందని తెలిస్తే వాడేవాళ్లకి ధైర్యంగా ఉంటుందనుకున్నాను. ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ వారం రోజులు ఓపిక పట్టి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మా యాప్ నోటిఫికేషన్లన్నీ ఆపేసింది. తర్వాత డిస్క్ నిండింది. ఆ కబురూ నోటిఫికేషన్‌గానే పంపాం, ఆవిడకి చేరలేదు. సిస్టమ్ పాడైన రోజు చూస్తే చివరి బ్యాకప్ 3 వారాల కిందటిది. ఓచర్ల కట్టలు ముందేసుకుని ఆవిడ మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తుంటే పక్కనే కూర్చున్నాను. తప్పు నాది.

అప్పటి నుంచీ, ఇది చదివిన మనిషి ఇప్పుడు ఏం చెయ్యాలి అని నన్ను నేను ప్రశ్నించుకున్నాకే రాస్తాను. చెయ్యాల్సింది ఏమీ లేకపోతే యాప్ లోపల ఒక వరుసగా ఉంటే చాలు. ‘బ్యాకప్ మొదలైంది’ తీసెయ్. ‘కొత్త వెర్షన్‌లో ఏముందో చూడండి’ అసలు వద్దు. బటన్ నొక్కిన మనిషి ఇంకా ఆ విండో ముందే ఉంటే ఫలితం అక్కడే చూపించు. వేరే పనిలోకి వెళ్లిపోతే అప్పుడు పిలువు.

ఎంత గట్టిగా పిలవాలన్నదీ ఉంది. లినక్స్ డెస్క్‌టాప్‌ల ఉమ్మడి స్పెసిఫికేషన్‌లో, అంటే నియమాల పత్రంలో, 3 మెట్లున్నాయి: 0 తక్కువ, 1 మామూలు, 2 క్రిటికల్ (అత్యవసరం). క్రిటికల్ దానంతటది మాయం కాకూడదు. విండోస్‌లో మామూలుగా 5 సెకన్లు కనిపించి వెళ్లిపోతుంది. మ్యాక్‌లో బ్యానర్ పోతుంది, అలర్ట్ నిలబడుతుంది. నువ్వు 9 వాటికి క్రిటికల్ పెట్టావు. నా లెక్కలో డిస్క్ నిండడం ఒక్కటే ఆ మెట్టు. దానికి కూడా నోటిఫికేషన్ ఒక్కదాన్నే నమ్ముకోకు. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకున్నవాళ్లకి గడియారం పక్కనుండే ట్రే ఐకాన్ మారి కనిపించాలి, యాప్ తెరవగానే పైన ఎర్ర పట్టీ ఉండాలి. 5 ఫైళ్లు ఆగితే 5 పెట్టెలు పేర్చకు, పాతదాని స్థానంలోనే అంకె మార్చు. డిస్క్‌లో చోటు ఖాళీ అయ్యాక ఆ నోటిఫికేషన్‌ని నువ్వే వెనక్కి తీసుకో.

ఇక మాటలు. ‘మీ ఏప్రిల్ నెల జీతాల ఫైలు బ్యాకప్ కాలేదు’ అని రాశావు. వాక్యంలో లోపం లేదు. కానీ నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లోనే చూడు, ‘బ్యాకప్…’ దగ్గర తెగిపోయింది. అయిందా, కాలేదా? మనకి అవునన్నా కాదన్నా వాక్యం చివర క్రియలోనే తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ ‘కాదు’ ముందే వచ్చేస్తుంది కాబట్టి తోక తెగినా వాళ్లకి నష్టం లేదు. ఇంగ్లిష్ జాబితాని వరసపెట్టి తెలుగు చేస్తే మనకి తెగేది అసలు మాటే. అందుకని టైటిల్ ‘బ్యాకప్ కాలేదు’, అంతే. కింద ‘ఏప్రిల్ జీతాల ఫైలు. డిస్క్‌లో చోటు లేదు.’ బటన్ మీద ‘సరే’ బదులు ‘పాత బ్యాకప్‌లు చూపించు’.

అన్నట్టు, అది జీతాల ఫైలు. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తుండగా ఆ పేరు పడితే గదిలో అందరూ చదువుతారు. పేరు చూపించాలా అన్నది సెట్టింగ్‌గా పెట్టి, మొదట్లో ఆపే ఉంచు. అప్పుడు కింది వరుస ‘1 ఫైలు. డిస్క్‌లో చోటు లేదు.’ అవుతుంది.

జాబితా తగ్గించాక, అక్షరాలు 150 శాతానికి పెంచిన చిన్న ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటీ వేసి చూడు. ఎక్కడ తెగుతోందో ఫొటోలు తీసి పంపు. ఆదివారం ఇద్దరం కూర్చుందాం.

ఇట్లు,
మీ అన్న