లక్సెంబర్గ్‌లో పిల్లలను ప్రభుత్వ బడిలో వేయవచ్చా?

ఉద్యోగరీత్యా లక్సెంబర్గ్ వెళుతున్నామని, ఎనిమిదేళ్ల బాబును అక్కడి ప్రభుత్వ బడిలో చేర్చాలా, ఫీజు కట్టి ఇంగ్లీషు బడిలో చేర్చాలా అని మీరు అడిగారు. మేము వెళ్లేనాటికి మా పాపకు నాలుగేళ్లు, బాబుకు తొమ్మిదేళ్లు. ఇద్దరూ చేరింది ఒకే బడిలో అయినా, పాపకు నల్లేరు మీద నడక అయినది బాబుకు కొండ ఎక్కినట్లయింది. అందువల్ల వయసును బట్టే నిర్ణయించుకోమని చెబుతాను.

సుమారు ఏడు లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో చదువు మూడు భాషల్లో సాగుతుంది. నాలుగేళ్లకు నిర్బంధ విద్య మొదలవుతుంది; మొదటి రెండేళ్లు ఆటపాటల మధ్య లక్సెంబర్గిష్ మాట్లాడటం నేర్పుతారు. ఆరేళ్లకు అక్షరాలు దిద్దించేది మాత్రం జర్మన్‌లో, లెక్కలు చెప్పేదీ జర్మన్‌లోనే. ఆపై ఫ్రెంచ్ ముందు మాటగా, తరువాత రాతగా వచ్చి చేరుతుంది. పన్నెండేళ్ల ప్రాంతంలో 'లిసే' అనే ఉన్నత పాఠశాలకు వెళ్లాక, విశ్వవిద్యాలయ చదువుకు సిద్ధం చేసే క్లాసిక్ శాఖలో అవే లెక్కలు ఫ్రెంచ్‌లోకి మారిపోతాయి. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. ప్రాథమిక బడుల్లో జర్మన్‌తో పాటు ఫ్రెంచ్‌ను తప్పనిసరి చేసిన చట్టం 1843 నాటిది.

లక్సెంబర్గిష్ జర్మన్‌కు దగ్గరి భాష కాబట్టి, అది నోటికి వచ్చిన పిల్లలకు జర్మన్ చదవడం అంత కష్టం కాదు. మా పాప ఏడాది తిరిగేసరికి తోటి పిల్లలతో లక్సెంబర్గిష్‌లో పోట్లాడేది. ఆ పునాది మీద జర్మన్ సులువుగా నిలబడింది. బాబుకు ఆ పునాది లేదు. ఒక తరగతి తగ్గించి చేర్చుకుని, కొత్తగా వచ్చిన పిల్లలకు పెట్టే ప్రత్యేక భాషా పాఠాలు చెప్పారు. టీచర్ల ఓర్పుకు వంక పెట్టలేను. అయినా లెక్కల్లో చురుకైన పిల్లవాడు కొన్ని నెలల పాటు ఇరవై నాలుగు అని చెబితే నలభై రెండు రాసేవాడు, ఎందుకంటే జర్మన్‌లో దానిని 'నాలుగూ ఇరవై' అన్న వరుసలో పలుకుతారు. అది సర్దుకునేసరికి ఫ్రెంచ్ వచ్చింది. అందులో తొంభై నాలుగు అంటే 'నాలుగు ఇరవైలు, పద్నాలుగు'!

ఇందులో అసలు చిక్కు ప్రాథమిక విద్య చివర ఏ శాఖకు పంపాలో నిర్ణయించే దశలో వస్తుంది. అక్కడ జర్మన్, ఫ్రెంచ్, గణితం మూడూ చూస్తారు, కనుక ఆలస్యంగా వచ్చిన పిల్లల తెలివికి భాష అడ్డుపడవచ్చు. ఈ ఇబ్బంది ప్రభుత్వానికీ తెలుసు. 2022లో నాలుగు బడుల్లో జర్మన్ బదులు ఫ్రెంచ్‌లో అక్షరాలు నేర్పే ప్రయోగం మొదలైంది.

మీరు చెప్పిన రెండు దారులే కాక మూడోది కూడా ఉంది. 2016లో డిఫర్‌డాంజ్‌లో మొదలైన తరహా ప్రభుత్వ యూరోపియన్ బడుల్లో ఇంగ్లీషు విభాగం ఉంటుంది, ఫీజు ఉండదు. మా బాబు లిసే వయసుకు అటువైపే వెళ్లాడు. పాప మామూలు బడిలోనే ఉంది. ఎనిమిదేళ్ల పిల్లవాడి విషయంలో నేనైతే ముందు యూరోపియన్ బడిలో దరఖాస్తు పెడతాను. సీట్లు పరిమితం కాబట్టి ఇల్లు దొరికేదాకా ఆగకుండా ఇప్పుడే ఆ బడికి రాయండి. మరొక మాట: మామూలు ప్రాథమిక బడుల్లో చాలాచోట్ల మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం తరగతులు ఉండవు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసేటట్లయితే 'మేజోం రెలే' అనే పిల్లల సంరక్షణ కేంద్రంలో చోటు కోసం కూడా బడితో పాటే అడగండి.