ప్రోటీన్లను మూకుమ్మడిగా గుర్తించి కొలిచే ప్రోటియోమిక్స్ ల్యాబ్‌లో మెషీన్ నడిపేది జూనియర్లే అయితే, సీనియర్ సైంటిస్ట్‌కి పనేముంటుంది?

అసలు పని మెషీన్‌కి ముందూ వెనకా ఉంటుంది.

డాక్టర్లు రక్తం శాంపిల్స్ తెచ్చి "ఈ జబ్బుని పట్టిచ్చే ప్రోటీన్ ఏదైనా వెతికి పెట్టండి" అంటారు. ప్లాస్మాలోని (రక్తంలోని ద్రవభాగం) ప్రోటీన్‌లో దాదాపు సగం ఆల్బుమిన్ ఒక్కటే. మనకు కావలసింది దాని చాటున నలుసంత ఉంటుంది. ఆల్బుమిన్‌ని తీసేస్తే దానికి అంటుకున్నవీ పోతాయి, తీయకపోతే మిగతావి సరిగా కనబడవు. ఏది మేలో తేల్చేది సీనియరే. రోగుల శాంపిల్స్ అన్నీ సోమవారం, ఆరోగ్యవంతులవి మంగళవారం నడిపారనుకోండి, కనిపించిన తేడా జబ్బుదో మెషీన్‌దో ఎవరూ చెప్పలేరు. అందుకే వరస కలిపేసి నడపాలని ముందే పట్టుబట్టాలి.

తర్వాత ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ప్రోటీన్లను లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల దగ్గర ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని (వీటినే పెప్టైడ్‌లంటారు) మాస్ స్పెక్ట్రోమీటర్‌కి, అంటే వాటి బరువు కొలిచే మెషీన్‌కి ఎక్కిస్తారు. రిజల్ట్‌లో కెరటిన్ అనే ప్రోటీన్ అన్నిటికన్నా పైన కూర్చుందంటే చాలాసార్లు ఎవరి వెంట్రుకో, చర్మం పొట్టో పడిందన్నమాట! (చర్మ వ్యాధి శాంపిల్ అయితే అది ఇంకో తలనొప్పి.)

మామూలుగా తప్పుడు గుర్తింపుల్ని 1 శాతానికి కట్టడి చేస్తారు. అంటే 5,000 ప్రోటీన్ల లిస్టులో 50 దాకా ఉత్తివే కావచ్చు. డాక్టర్ గారు ముచ్చటపడ్డ ప్రోటీన్ ఒకే ఒక్క పెప్టైడ్ మీద నిలబడి ఉంటే, "ఇప్పుడే పేపర్ రాయొద్దు సార్, వేరే రోగుల శాంపిల్స్‌లో మళ్లీ కొలుద్దాం" అని చెప్పాలి. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అసలు టెన్షన్ అదే.